అద్దానికి అడ్డుగా

నిన్న మనుమరాలు టార్చికి ఎర్రగుడ్డ చుట్టి, నక్షత్రాలు చూడడానికి మేడెక్కింది. ఆ ఎర్రని వెలుతురు చూడగానే నా చెవుల్లో కర్ర దెబ్బలు మోగాయి.

మా మేనమామ తిరుత్తణిలో మగ్గం నేసేవాడు. పెద్ద గాజుపలకను ఏడాది పొడవునా చేత్తో అరగదీసి, దూరదర్శినికి అద్దం తయారు చేసుకున్నాడు. నా చిన్నతనంలో ఒక రాత్రి ఊరికి దూరంగా ఉన్న గుట్ట మీద దాన్ని నిలబెట్టి, మృగశిర దగ్గరి వెలుగుమబ్బును నాకు చూపిస్తున్నాడు. చీకటికి అలవాటుపడిన కళ్లకు తెల్లని వెలుతురు తగలరాదన్నది ఆయన నియమం. అందుకే టార్చికి ఎర్రగుడ్డ కట్టాడు.

గుట్ట మీద కదులుతున్న ఆ ఎర్రదీపాన్ని చూసి, కింది పల్లెవాళ్లు మేకల దొంగలు వచ్చారనుకున్నారు. కర్రలతో వచ్చి మీద పడ్డారు.

"మ్యాకల్ని యాడ దాచినావురా?"

"దొంగను కాదన్నా! చుక్కలు చూస్తా ఉండా!"

"చుక్కలా? మేము చూపిస్తాం రా!"

మొదటి దెబ్బకు ఆయన నుదురు చిట్లింది. రెండవది దూరదర్శినిని పడగొట్టింది. ఆయన పారిపోలేదు. దాని మీద బోర్లాపడి, అద్దం ఉన్నచోట కుడిచేయి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడెవరో అగ్గిపుల్ల గీశారు.

"నిలపండ్రా! మనకు లుంగీలు నేసిచ్చే మామరా!"

కర్రలు ఆగాయి.

భయంతో పడుకున్నాడని భావించి, చాలాకాలం ఆయనను పిరికివాడనే అనుకున్నాను. ఆ చేయి మళ్లీ మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆడించలేదు. తన చేతి విలువ తెలిసే దాన్ని అడ్డం పెట్టాడని వయసు వచ్చాక గాని నాకు బోధపడలేదు.

అద్దం మీద ఒక్క గీత కూడా పడలేదు.