సుద్దముక్కతో గీసిన చాపర్

ముందే చెప్పేస్తాను, నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. అందులో అరంగుళం నేను కలిపి చెప్పేదే. మా నాన్నదీ అదే ఎత్తు, కానీ ఆయన కలపరు. కొలతల విషయంలో ఆయన అబద్ధమాడరు.

తొంభైల్లో మాట ఇది. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, భిలాయిలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డర్ని. నాన్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లికాక ముందే వచ్చి, సెక్టర్ ఆరు క్వార్టర్‌లో కాపురం పెట్టి, ముప్పై ఏళ్లకు పైగా సైకిలు మీద డ్యూటీకి వెళ్లొచ్చిన మనిషి. ఇన్నేళ్లలో ఒంటి మీద ఒక్క దెబ్బ పడలేదు, చేతి కింద ఒక్కడికీ పడనివ్వలేదు. ఆ సంగతి ఆయన చెప్పుకోరు గానీ ఎవరైనా చెబితే మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని వింటారు.

ఆయన రిటైర్‌మెంటు నాలుగు నెలల్లోకి వచ్చింది. మా దగ్గర రివాజేమిటంటే, చివరి రోజున డిపార్ట్‌మెంటు వాళ్లు మనిషికి దండలేసి, జీపులో కూర్చోబెట్టి ఇంటి గుమ్మం దాకా దింపుతారు. నాకు జీపు నచ్చలేదు. జీపులో అందరి నాన్నలూ వస్తారు. మా నాన్న నా చాపర్ మీద రావాలి.

చాపర్ అప్పటికింకా లేదు. దుర్గ్ రైల్వే కాలనీలో ఒక తెలుగు గార్డు గారి దగ్గర కొన్న పాత మోటారు సైకిల్ ఉంది, ట్యాంకు నిండా సొట్టలతో. దాన్ని షెడ్డులో చాపర్‌గా మార్చాలి. అంటే ముందు చక్రం ఎక్కడో ముందుకు సాగి, హ్యాండిలు పైకి లేచి, నడిపేవాడు పడక్కుర్చీలో వెనక్కి వాలినట్టు కూర్చుని వెళ్లే బండి. ఒక పాత విదేశీ పత్రికలోని బొమ్మ కత్తిరించి పర్సులో పెట్టుకుని తిరిగేవాణ్ని. బొమ్మలో ఉన్నవాడు ఆరడుగుల పైమాటే. ఆ తేడా నా కంటికి ఆనలేదు.

నాన్న బొమ్మ చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"బొమ్మతో బండి అవదురా. ముందు గీసి సూడు. గీతలో కూకున్నాక నచ్చితే, అప్పుడు కోద్దువు గాని ఇనుము."

ప్లాంటులో ఆయన అలవాటు అది. ఏ పని మొదలెట్టినా నేల మీద సుద్దతో అసలు సైజులో గీయాల్సిందే. ఒక మధ్యాహ్నం నేను షెడ్డు నుంచి, ఆయన డ్యూటీ నుంచి వచ్చీ రాగానే వరండా నేల కడిగించి, స్టీలు స్కేలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నారు. నా బొమ్మలోని బండిని ఉన్నదున్నట్టు గీశారు. వెనక చక్రం వంటింటి గడప దగ్గర మొదలైంది. ముందు చక్రం వరండా మెట్టు దిగి, అమ్మ పొద్దున వేసిన ముగ్గు మధ్యలో పడింది.

"ఏటిది? నా ముగ్గులో చక్రం తిప్పుతారేటి?" అంది అమ్మ.

"దీనితో మన సందు మలుపు తిరగాలంటే పక్కింటోళ్ల గోడ తీసీవలసి వస్తాది" అన్నారు నాన్న.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే పొడుగు ఫోర్కు అలా పోయింది. నేను అలిగాను. అలిగి, అయితే ఆకాశం హ్యాండిలైనా ఉండాలన్నాను. నాన్న కాదనలేదు. రెండు ఇటుకల మీద పీట వేసి నన్ను కూర్చోబెట్టి, చీపురు కర్ర చేతికిచ్చి, భుజాల కన్నా పైకెత్తి పట్టుకోమన్నారు. అమ్మ టీ పెట్టి తెచ్చేదాకా అలాగే ఉండమన్నారు. అమ్మ కావాలనే పాలు నిదానంగా కాచిందని నా అనుమానం. పక్కింటి దీదీ గోడ మీంచి తొంగిచూసి, "క్యా భయ్యా, కపడే సుఖా రహే హో?" అంది. బట్టలారేస్తున్నావా అని ఆవిడ అడిగేసరికి నా చంకల్లో చెమట, వేళ్లలో తిమ్మిరి. ఆకాశం హ్యాండిలు కూడా పోయింది.

ఉక్రోషం వచ్చిన మాట నిజమే. కానీ చీపురు కర్ర కొంచెం కొంచెం దించుకుంటూ వస్తుంటే ఒకచోట చేతులు వాటంతట అవే ఆగాయి. రొమ్ము ఎత్తులో, కాస్త నా వైపు లాక్కున్నట్టు. కాళ్లు జానెడు ముందుకు చాపితే నడుము హాయిగా కుదురుకుంది. బొమ్మలోని బండి కాదది, నా బండి. నాన్న నా చేతుల చోటా కాళ్ల చోటా సుద్దతో గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు చూస్తే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

చివరికి సీటు. ఫ్రేము కొయ్యడానికి నాన్న ఒప్పుకోలేదు, బలం పోతుందన్నారు. అందుకని దింపగలిగినంత దింపి, వెనక తను కూర్చోవడానికి వీలుగా ఒకే ఎత్తులో బల్లపరుపు సీటు. "బండి ఆపినప్పుడు అరికాలు పూర్తిగా ఆనాల. అంతకన్నా ఎక్కువొద్దు, తక్కువొద్దు" అని నా కాళ్ల దగ్గర స్కేలు నిలబెట్టి, మూడుసార్లు కొలిచి, తలుపు వెనక రాసిపెట్టారు.

ఆ కొలతల్లోనే చేశాను. నెలల తరబడి డ్యూటీ అయ్యాక షెడ్డులోనే పని, షెడ్డు నుంచే ట్రయలు. కాళ్లు చక్కగా ఆనేవి. నాన్న వచ్చి చూసి, చేత్తో ఊపి, "ఊఁ" అన్నారు. ఆ ఊఁ కోసం నాలుగు నెలలు పట్టింది. అయినా ఒక మాట అన్నారు: "ఇన్నేళ్లు దెబ్బ తగలకుండా వచ్చినాను. ఆఖరి రోజున గేటు ముందు పడీసినావంటే మాత్రం బాగుండదు."

ఆ రోజు రానే వచ్చింది. అమ్మ నాకు కొత్త చొక్కా, అడుగున పల్చటి అట్టతో కొత్త తోలు జోళ్లు తెచ్చింది. రోజూ వేసుకునే సేఫ్టీ బూట్లు వేసుకోబోతే, "ఫొటోలు తీస్తారు. ఆ గుర్రపు డెక్కలేసుకుని ఎల్తావేటి?" అని కసిరింది.

మొదటి చౌరస్తాలో బండి ఆపి కాలు దించాను. నేల లేదు. అంటే ఉంది, నా కాలి వేళ్లకు మాత్రమే ఉంది. కొలతలు తీసిన రోజు నా కాళ్లకు సేఫ్టీ బూట్లు ఉన్నాయి, ట్రయలు రోజుల్లోనూ ఉన్నాయి. అంగుళమున్నర మందం అట్టలు. బూట్లు లేని కాలు ఒకటుంటుందని ఆ ఇంట్లో ఇద్దరు మగాళ్లకూ తట్టలేదు. ఇంటికి తిరిగి వెళ్లే టైము లేదు, షిఫ్టు అయిపోవస్తోంది. దారిలో ఎక్కడ ఆగినా రోడ్డు పక్క గట్టుకు ఆనుకుంటూ ప్లాంటు గేటు చేరాను.

నాన్న బయటికొచ్చారు. మెడలో బంతిపూల దండలు, చేతిలో టిఫిను డబ్బా, కాళ్లకు ఎప్పటి బూట్లే. పక్కన జీపు సిద్ధంగా ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"నాన్నా, జీపెక్కెయ్. నాకు కాళ్లందట్లేదు."

ఆయన నా జోళ్ల వైపు చూశారు. తన బూట్ల వైపు చూసుకున్నారు. డిపార్ట్‌మెంటు మొత్తం వింటుండగా, "ఆడి తప్పు కాదు. కొలిసింది నాను. బూట్లతో కొలిసీసినాను" అన్నారు. కొలత తప్పానని ఆయన అనగా నేను వినడం అదే మొదలు.

తర్వాత టిఫిను డబ్బా నా హ్యాండిలుకు తగిలించి, వెనక ఎక్కి కూర్చున్నారు.

"నువ్వు నడుపు. నేల సంగతి నాను సూసుకుంటాను."

అలాగే వచ్చాం. నేను బ్రేకు వేసిన ప్రతిచోటా వెనకనుంచి రెండు నల్లబూట్లు ధన్‌మని నేలకు ఆనేవి. నా కాళ్లు దర్జాగా పైనే ఉండేవి. వెనకాల ఖాళీ జీపు హారను కొట్టుకుంటూ వచ్చింది. నాన్న నవ్వుతున్నారని నా వీపుకి తెలుస్తూనే ఉంది.

గుమ్మం ముందు అమ్మ హారతి పళ్లెంతో నిలబడింది. రిటైరైన మనిషి ముందు దిగాలి కదా, ఆయన దిగలేదు. దిగితే బండితో సహా నేను పడతాను. దండలతో, పూల రేకులు రాలిపోతూ, రెండు కాళ్లూ బిగించి బండిని నిలబెట్టి ఉంచారు.

"నాను పట్టుకున్నాను. నువ్వు దిగు ముందు" అన్నారు.

దిగాను.