కాళ్లు పైకెత్తు

ఒమాన్‌లో మస్కట్ నుంచి సూర్ పట్టణానికి వెళ్తున్న మా బస్సు ఆ రోజు వాదీ మీది వంతెన దగ్గర ఆగింది. వాదీ అంటే వాగే, ఎప్పుడూ ఎండిపోయి ఉండేది. కొండల్లో పడ్డ వానకి బురదనీళ్లతో పొంగి వంతెన స్తంభాలను గుద్దుతోంది. డ్రైవర్ హిందీలో "కుఛ్ నహీ హోగా", ఏం కాదులే అంటూ బస్సును మెల్లగా పోనిచ్చాడు.

నాకు చెమటలు పట్టాయి. "యేసయ్యా" అని గొణుక్కున్నాను. పక్క సీట్లోని ఇంగ్లీషు పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"కాళ్లు పైకెత్తు, డియర్," అంది ఇంగ్లీషులో. "మా పల్లెలో ఇళ్ల కంటే ఎత్తున పాతకాలపు రైలు వంతెన ఉంది, అన్నీ ఇటుక కమానులే. రైల్లో దాటేటప్పుడు దానికి బరువు కాకూడదని పిల్లలందరం కాళ్లెత్తేసేవాళ్లం. ఒక్కసారీ కూలలేదు."

అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఇద్దరం కాళ్లెత్తి కూర్చున్నాం. నర్సును కదా, అలవాటుకొద్దీ నా వేళ్లు ఆమె మణికట్టు మీదికి వెళ్లాయి. ఆమె నవ్వుతూనే ఉంది, నాడి మాత్రం పరుగులు పెడుతోంది. నేను చెయ్యి వదల్లేదు.

"దాటేశాం మేడమ్," అని నేను కాళ్లు దించాను. ఆమె చాలా దూరం దాకా దించలేదు.