ఎవరి మీదా అనుమానం లేదు

పొద్దున్నే మల్బరీ తోటకు పోతే బోరు కేబుల్ లేదు. స్టార్టర్ దగ్గర కోసి ఎత్తుకుపోయారు. నెలలో ఇది రెండోసారి! మొదటిసారి చింతామణికి పోయి కొత్తది కొనుక్కొచ్చి నోరు మూసుకున్నాను. ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఆకు కోసం తలలెత్తుకుని ఉన్నాయి. నీళ్ళు లేక ఆకు వాడితే నా భార్య పడిన కష్టమంతా మట్టిపాలే.

పక్కూరి పాత సామాను అంగడి వెనక కేబుల్ తొక్కు కాలుతున్న వాసన వస్తోందని పాలాయన చెప్పాడు. పోలీసులు అప్పటికప్పుడు పోతే లోపలి రాగి తీగా దొరుకుతుంది, దొంగా దొరుకుతాడు. నేను కర్ణాటక పోలీసులో రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌ని. పదేళ్ళు కేసు కాగితాలు రాసే రైటర్‌గా చేసిన స్టేషన్‌కే పరుగెత్తాను.

ఇప్పుడు రైటర్ ఒక అమ్మాయి. "కూకోండి సార్, కాఫీ తెప్పిస్తా" అంది.

"కాఫీ వద్దులేమ్మా. ఎఫ్ఐఆర్ రాసి, ముందు ఆ అంగడికి ఒకర్ని పంపు."

"మీకు తెలీనిదేముండాది సార్? నెలాఖరు. దొంగతనం కేసులు ఎక్కువైతే మీటింగులో ఎస్ఐ సాహేబుకు తిట్లు పడతాయి. ఈ అర్జీకి సంతకం పెట్టండి చాలు."

కన్నడంలో రాసిన జెరాక్సు కాగితం. వస్తువు పేరు దగ్గర ఖాళీ. మిగతాదంతా సిద్ధం: దారిలో ఎక్కడో జారిపోయింది, ఎవరి మీదా అనుమానం లేదు, కేసు అవసరం లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అంత పొడుగు కేబుల్ యాడ జారిపోతుందమ్మా, నా జేబులోంచా? ఇది రాసినోడికి బుద్ధుండాదా?"

ఆ పిల్ల తలొంచుకుంది. "మీరు రాసిందే సార్. మేమంతా దీన్నే జెరాక్సు చేస్తాండాము."

కాగితం మళ్ళీ చూశాను. నా చేతిరాతే, ఖర్మ! అప్పటి సాహేబు కేసుల లెక్క తగ్గించమంటే, గంటసేపు ఆలోచించి కుదిర్చిన మాటలు. బాగా రాశావని భుజం కూడా తట్టాడు.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. సాయంత్రానికి అంగడి వెనక బూడిద కూడా ఊడ్చేశారు. పురుగులకు పక్క తోటలో ఆకు అడుక్కొచ్చి వేశాం.

ఆకు వేస్తూంటే ఒక ముసలమ్మ గుర్తొచ్చింది. ఆ కాగితం మీద మొదటి వేలిముద్ర ఆమెదే. "మూడు గొర్రెలు యాడ జారిపోతాయప్పా?" అని అడిగింది. "వేలు ఇటియ్యమ్మా, పనుండాది" అని, ఆమె బొటనవేలు పట్టుకుని నేనే అద్దాను.