ఇల్లందు బొగ్గు మీద నేరేడుచర్ల బియ్యం

మా అత్తమ్మది ఇల్లందు. తెలంగాణలో బొగ్గు తవ్వకం మొదలైంది ఆ చుట్టుపక్కలే కాబట్టి పాతవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. ఆ బాయి కార్మికుల వాడలో ఆమె నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. నలభై ఏళ్ల క్రితం ఆమెను నేరేడుచర్లలో రైస్ మిల్లున్న ఇంటికి ఇచ్చారు. ఇల్లందులో జరిగిన ఆ పెళ్లిలో అన్నం పొగ వాసన వచ్చిందట. అంతే, మా మామయ్యకు జన్మకు సరిపడా ముచ్చట దొరికింది. ఏ పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నా అది చెప్పకుండా లేవరు. బొగ్గు మీద వండితే అన్నం పాడవుతుందని ఆయన తీర్పు. అత్తమ్మ నవ్వి ఊరుకునేది గానీ, ఆ మాట ఆమెకు ఎంత గుచ్చుకుంటుందో కాపురానికి వచ్చిన కొత్తలోనే నేను గమనించాను. ఆమె అన్నలు ఖమ్మంలో స్థిరపడ్డాక ఇల్లందు పోయే పనే పడలేదు. పోయిన డిసెంబరులో మా ఆయన “ఒకరోజు ఇల్లందు చూసొద్దాం” అనగానే, ఆమె లోపలికి వెళ్లి మా మిల్లు సన్నబియ్యం, ఓ ఇత్తడి గిన్నె సంచిలో సర్దుకుంది. ఆ ఊరి బొగ్గు మీదే వండి మామయ్యకు పెట్టి, ఆ ముచ్చట ఖతం చేయాలని ఆమె పంతం.

ఆదివారం తెల్లవారగానే కారులో బయలుదేరాం. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ, అక్కడి నుంచి ఖమ్మం, ఆపైన ఇల్లందు. ఆగుతూ పోతే మూడున్నర గంటలు పట్టింది. కారు లేనివాళ్లు కోదాడలో ఖమ్మం బస్సెక్కి, ఖమ్మంలో ఇల్లందు బస్సు పట్టుకోవచ్చు. టిఫిను కోదాడలో చేశాం. అక్కడికొచ్చేసరికి మాటలో ఆంధ్ర గాలి తగులుతుంది. “పెసరట్టు వేడిగా ఉందండీ, వేయించమంటారా?” అన్నాడు హోటలాయన. “ఎయ్యిండ్రి గని, అల్లం జర ఎక్కువ పడాలె,” అన్నారు మామయ్య. నలుగురికీ కలిపి మూడు వందల లోపే అయింది.

ఇల్లందులో ముందు రోడ్డు మీది నుంచే ఓపెన్‌కాస్ట్ గని చూశాం. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. మెట్లు మెట్లుగా దిగిపోయిన నల్లటి లోయ, దాని అడుగున అగ్గిపెట్టెలంత లారీలు. పాత బాయిలు ఎప్పుడో మూతబడ్డాయి. క్వార్టర్ల వరుసలు, బొగ్గు కోసం వేసిన రైలు పట్టాలు మాత్రం అత్తమ్మ చెప్పిన చోటే ఉన్నాయి. వాళ్ల నాన్న కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఆమె కంటతడి పెడుతుందేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి విడిపించుకుని, “కొట్టు పోతె పోయింది. పొయ్యి ఏడ దొరుకుతదో సూడు ముందు,” అంది.

బస్టాండుకు కాస్త అవతల, ఇంకా బొగ్గు పొయ్యి మీదే వండే చిన్న భోజన హోటల్ దొరికింది. దాన్ని నడిపే ఆమె మా సంచి వంక, మా వంక చూసి నవ్వింది. “ఎనక ఒక పొయ్యి ఖాళీగుంది, వాడుకోండ్రి. పన్నెండయితె నాకు గిరాకి, అప్పటికి ఇడిచిపెట్టాలె.” బొగ్గుకు వంద రూపాయలిచ్చాం. అప్పటికి పదకొండు కావస్తోంది.

అత్తమ్మ బియ్యం కడగడానికి నల్లా దగ్గరకు వెళ్లింది. ఆ కాస్త సందులో మామయ్యలోని మిల్లు యజమాని నిద్రలేచాడు. మా వైపు ఊక పొయ్యిని ఎంత గట్టిగా కూరితే అంత నిదానంగా మండుతుంది. ఆయన బొగ్గునూ అలాగే కూరారు. బొగ్గు పొడంతా అడుగున కుక్కి, పైన పెద్ద పెళ్లలు బిగించి, కిరోసిన్ పోసి అంటించారు. మంట రాలేదు గానీ, పెరడంతా పొగ కమ్మేసి హోటలామె దగ్గుతూ బయటికి పరుగెత్తుకొచ్చింది. “సూసిన్రా, నేను చెప్పలె? గీ బొగ్గే గంత,” అన్నారు మామయ్య కళ్లు తుడుచుకుంటూ. నాకు ఒళ్లు మండింది. పొయ్యి మాత్రం మండలేదు.

అత్తమ్మ చీర చెంగు బొడ్లో దోపింది. పొయ్యి మొత్తం బోర్లించి, లోపలి ఇనుప జల్లెడ కింది బూడిద దులిపి, ఎండు పుల్లలూ పిడక ముక్కలూ పరిచింది. వాటి మీద పిడికెడంతేసి పెళ్లలు సందులు వదిలి పేర్చి, పొయ్యి నోటిని గాలి వైపు తిప్పి అంటించింది. మళ్లీ పొగే. మామయ్య ఇకిలించారు.

“గిన్నె పెట్టు మరి, టైం అయితున్నది,” అన్నారు.

“జర ఆగుండ్రి. పొగ పోయినంకనే గిన్నె పెట్టాలె. పొగల పెడితె అన్నం పొగే గుంజుకుంటది.”

పొగ చిక్కబడి, పలచబడి, చివరికి పూర్తిగా పోయింది. పెళ్లలు ఎర్రగా కణకణలాడాక ఆమె ఎసరు పెట్టింది.

“మరి పెండ్లిల ఎందుకట్లయింది?” అన్నారు మామయ్య, ఈసారి కొంచెం మెల్లగా.

“ఆనాడు వండింది ఖమ్మం నుంచి పిలిపిచ్చిన వంటాయన. కట్టెల మీద తప్ప వండి ఎరుగడు. పెండ్లోళ్లు తొందరపెడితె పొగలనే గుండిగ పెట్టిండు. పెండ్లికూతురు లేచి ఆ ముచ్చట ఎట్ల చెప్తది? తర్వాత చెప్తె మీరు ఇన్నరా?”

పన్నెండుకు ఇంకా కొంచెం టైం ఉండగానే గంజి వార్చింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మామయ్యకు గుప్పెడు కావాల్సి వచ్చింది. మిల్లులో శాంపిల్ చూసినట్టే అరచేతిలో వేసుకుని నలిపారు, వాసన చూశారు, నమిలారు. మా ఆయన నా చెయ్యి గిల్లాడు.

“పొగ వాసన లేదు,” అన్నారు మామయ్య. ఆపైన హోటలామెకు కూడా వినబడేలా, “అన్నం మంచిగుంది. ఇన్నేండ్లు నేనే తప్పు మాట్లాడిన,” అన్నారు. హోటల్ పప్పు, గోంగూర పచ్చడితో మూడుసార్లు వడ్డించుకున్నారు. అత్తమ్మ ఆయన పక్కనే కూర్చుని, తల ఎత్తుకుని తింది. ఆ తలను అంత నిటారుగా నేనెన్నడూ చూడలేదు. నాకు ఈల వేయాలనిపించింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా అత్తమ్మ పుట్టినూరి పెరట్లో, పరాయి పొయ్యి దగ్గర ఇల్లు గెలిచింది. వారం తిరగకుండా మిర్యాలగూడలో ఒక పెళ్లికి వెళ్లాం. విస్తరి ముందు కూర్చోగానే మామయ్య గొంతు సవరించుకున్నారు. అత్తమ్మ తల తిప్పలేదు. “మా ఆమె బొగ్గు మీద వండితె తినాలె అన్నం,” అని మొదలుపెట్టారాయన. ఇక ఆ ముచ్చట జన్మంతా విన్నా నాకు విసుగు రాదు.

మీరూ ఇల్లందు వెళ్లేటట్టయితే చలికాలంలో వెళ్లండి, ఎండాకాలం అక్కడ నిలవలేరు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే, అక్కడ తమ చేత్తో ఏం చేయాలని ఉందో ముందు రోజే అడిగి, దానికి కావలసిన సామాను బండిలో పెట్టుకోండి.