నాగవ్వ పిల్లికి నీసు కూడు

మా గల్లీల నాగవ్వ అంటే జొన్నరొట్టెలకు పెట్టింది పేరు. న్యాల్‌కల్ దిక్కు ఊర్ల నుంచి సామాన్లకొచ్చినోళ్లు గూడ ఆమె రొట్టె తినకుండ బస్సెక్కేటోళ్లు కాదు. మొగడు పోయినంక ఆ పొయ్యే ఆమెకు ఆసర, గౌరి తోడు. గౌరి అంటే బిడ్డ కాదు, తెల్లపిల్లి.

లింగాయతుల ఇల్లాయె. నాగవ్వ మెడల లింగం ఉంటది, ఆ గడప లోపటికి నీసు వాసన ఎన్నడు పోలే. పిల్లిని గూడ అట్లనే పెంచింది. పొద్దున పాలల్ల నానేసిన రొట్టె, పగటీలి పెరుగన్నం. ఒక్కపారి అది ఎల్కను పట్టుకొస్తే గుంజి పారేసి, పిల్లి మూతి కడిగి, నుదుటికి ఇభూతి పెట్టింది! మనకు నవ్వొస్తది గని ఆమెకు రాలే. బయట ఏమన్న తింటదేమోనని ఎప్పుడు తలుపుకు గొళ్లెమే. "మా గౌరి నీసు ముట్టదు" అని రొట్టెలకొచ్చినోళ్లందరికి చెప్పుకొని మురిసేది.

ఎనభై మూడు ఎండకాలంల గౌరి గోడలకు తల కొట్టుకునుడు మొదలైంది. పాలగిన్నె ముందటున్నా వాసన చూసుకుంట దేవులాడేది. నాగవ్వ పిల్లిని గంపల పెట్టుకొని పసుల దవాఖానకు ఉరికింది.

డాక్టర్ మదన్‌మోహన్ బ్యాటరీ లైటు కొట్టి దాని కండ్లు చూసిండు. ఏం పెడ్తున్నవని అడిగిండు. నాగవ్వ చెప్పింది, జర గర్వంగనే. ఆయన లైటు బంద్ చేసిండు.

"పిల్లి మనలెక్క కాదమ్మా. దాని కండ్లకు కావల్సిన సత్తువ మాంసంల ఉంటది. పాలు, రొట్టె దానికి సాలవు. పోయిన చూపు మల్ల రాదు. ఉన్నదన్న నిలవాల్నంటే ఇయ్యాల్టి నుంచే మాంసం పెట్టు."

దారి పొడుగున ఏడ్సుకుంటనే వచ్చింది. ఇంకొకళ్లు చేసిన పని అయితే తిట్టి పోసేది, ఆమె నోరు అసుంటిది. ఇది తన చేతుల మీదనే అయిపాయె. లింగం మీద చెయ్యి పెట్టుకొని, "ముద్దుగ సాకుతున్న అనుకున్న గదా శివా" అన్నది.

పక్కింటి బాలమణిది చర్చికి పోయే కుటుంబం. అంతా విని, "ఫికరెందుకక్కా? మా ఇంట్ల నేను పెడ్త. నువ్వు చూడకు" అన్నది. మేక కార్జం తెచ్చి, ఉప్పు కారం లేకుండ ఉడకబెట్టింది. నాగవ్వ పిల్లిని ఆమె చేతికిచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వాకిట్లనే నిలబడ్డది.

కొత్త ఇల్లు, సరిగ కనబడది. గౌరి మంచం కిందికి దూరి ఒకటే అరుపు. బాలమణి ఎంత బతిమిలాడినా రాలే.

"అక్కా, ఇది నీ చేతుల తప్ప తినేటట్టు లేదు."

ముప్పై ఏండ్ల పొరుగు, అయినా ఆ ఇంట్ల నాగవ్వ ఎన్నడు కాలు పెట్టలే. ఆనాడు పెట్టింది. లింగాన్ని కొంగు కింద దాసుకొని, నేల మీద కూసొని, పళ్లెంల చెయ్యేసింది. ముక్కను వేళ్లతోని చిదిమింది.

"రా గౌరీ. నా తల్లీ, తప్పు నాదే."

గొంతు విని పిల్లి మెల్లగ బయటికొచ్చింది. అరచేతిల మూతి పెట్టి ఆగకుండ తిన్నది.

బాలమణి చెంబుల నీళ్లు, సబ్బు తెచ్చింది. "చెయ్యి కడుక్కో అక్కా. ఇంటికి పోయి తానం చేద్దువు."

నాగవ్వ చెయ్యి తీయలే. గౌరి ఇంక వేళ్లు నాకుతనే ఉన్నది.

"జర ఆగు బాలమణీ" అన్నది. "రేపు ఏ యాళకు రావాలె?"