ఏ దారిన తిరిగే బండి?

దేవసహాయం గారు ఇక లేరన్న వార్త నాకు చెరుకుపల్లి సెంటరులో, వ్యాను ముందు సీటులో కూర్చుని ఉండగా అందింది. ముప్పావుగంట క్రితమే తెనాలి పొలిమేరలో కాలవ గట్టున ఉన్న ఆయన పాత సామాన్ల దొడ్డి మీదుగా వచ్చాం. ఎప్పటిలాగే గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఇయ్యాల చెయ్యెత్తలేదేంటి టీచరుగారూ?" అన్నాడు మా డ్రైవరు ఏసోబు. "కునుకు పట్టి ఉంటుందిలే" అన్నాను. అప్పటికే ప్రాణం పోయి గంట దాటిందని డాక్టరు తరువాత చెప్పారు. నేను చెయ్యూపింది ఎవరికో తెలిశాక, ఆ చేతిని చాలాసేపు ఒళ్ళో నుంచి తీయలేకపోయాను.

ఆయన్ను ఎరగనివారి కోసం చెబుతున్నాను. నలభై ఏళ్ళపాటు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఆయుష్షు తీరిన వాహనాలు చాలావరకు ఆ దొడ్డికే చేరేవి. జీపులు, వ్యాన్లు, పాత కార్లు. ఆయన వాటిని ఓపికగా విప్పి, పనికొచ్చే ప్రతి భాగాన్నీ కిరసనాయిలుతో కడిగి, బల్ల మీద పెట్టి, సుద్దతో రెండు మాటలు రాసేవారు: బండిది ఏ ఊరు, నడిపినవాడి పేరు ఏమిటి. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. "ఇది దుకాణమా, సమాధుల తోటా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "రెండూనండి" అన్నారు.

మితభాషి, దైవభీరువు, పరమ మొండి మనిషి. ఆదివారం ఆరాధనలో అందరికంటే ఒక పాదం వెనకగా పాడేవారు. గాయకబృందం నాయకుడు ఎన్ని విధాల చెప్పినా మారలేదు. "దేవుడికి తొందరేముందండి" అనేవారు.

ఆయన దొడ్డికి ఒక నియమం ఉండేది. ఎవరు ఏ సామాను అడిగినా, ముందుగా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ బండి ఏ దారిన తిరుగుద్దండి?" చచ్చిపోయినవాడి బండి సామాను, అతని ఇంటి ముందు నుంచి పోయే బండికి ఇచ్చేవారు కాదు. రేపల్లె వైపు బండిదైతే బాపట్ల వాళ్ళకు, బాపట్లదైతే కొల్లిపర వాళ్ళకు. ఒకసారి బాపట్ల నుంచి వేటపాలెం జీడిపప్పు పనికి వెళ్ళే ఆడవాళ్ళను చేరవేసే జీపతను, బాపట్ల బండి స్టీరింగు కోసం మధ్యాహ్నమంతా బతిమాలాడు, చివరికి తిట్టాడు. దేవసహాయం గారు అతనికి మజ్జిగ తెప్పించి ఇచ్చారు గాని స్టీరింగు ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. "చదువుకున్న సంఘంలో ఉండి ఈ మూఢనమ్మకం ఏమిటండీ?" అని నిలదీశాను. "నమ్మకం కాదు టీచరమ్మగారూ. ఇళ్ళల్లోవాళ్ళు వింటారండి" అన్నారు. అంతకుమించి వివరించలేదు, నేనూ అర్థం చేసుకోలేదు.

ఆ నియమం చెల్లినంతకాలం చెల్లింది. ఒకప్పుడు ఆ దొడ్డిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఈమధ్య వయసు మీరిన బండ్లను ఇంకెక్కడికో తీసుకుపోయి, యంత్రంలో పెట్టి నలిపి, ఇనుప ముద్దలు చేసి లారీలకెత్తుతున్నారు. బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. దుమ్ములో సామాను ఉన్నచోటి గుర్తులు మాత్రం మిగిలాయి, పక్కనే సుద్దతో రాసిన పేర్లు. వాటిని ఆయన తుడవనిచ్చేవారు కాదు. "చచ్చిన బండి పదిమందికి సాయమవుద్దండి. నలిపిన బండి ఎవరికీ ఏమీ కాకుండా పోద్ది" అని ఆ ఖాళీ బల్లల మధ్య నిలబడి అన్న మాట నా చెవుల్లో ఉంది.

ఇక నా తప్పు సంగతి. మా చర్చి సంఘానికి ఒక పాత డీజిల్ వ్యాను ఉంది. అటువంటివి తయారు చేయడం మానేసి ఏళ్ళయింది. రేపల్లెలో బయలుదేరి, చెరుకుపల్లి మీదుగా ఎనిమిదిమంది కిడ్నీ రోగుల్ని వారానికి మూడు రోజులు తెనాలికి డయాలసిస్‌కు తీసుకువెళ్ళి, సాయంత్రం దింపుతుంది. దాని బాధ్యత నాది. రెండేళ్ళ క్రితం గేరుబాక్సు పోయింది. మూడు ఊళ్ళూ గాలిస్తే దొరికింది ఒక్కటే, అదీ దేవసహాయం గారి బల్ల మీద. దాని పక్కన చెరుకుపల్లి అని, శ్రీను అని రాసి ఉంది. చేపల వ్యాను నడిపే కుర్రాడు, లారీ గుద్ది పోయాడు. "ఏ దారినండి?" అని ఆయన అడిగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు నీతిపద్యాలు చెప్పిన నేను, ఆయన కళ్ళలోకి చూసి, "బాపట్ల" అన్నాను.

గేరుబాక్సు బాగానే పనిచేసింది. మూడో గేరులో మాత్రం ఒక సన్నని కూత, మధ్యలో తెగి మళ్ళీ అందుకునేది. రెండో వారంలో ఏసోబు చూపించాడు. చెరుకుపల్లి దాటాక ఒక పాక ముందు ముసలావిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. మళ్ళీ వెళ్ళినప్పుడూ ఉంది. మేము మలుపు తిరగకముందే వచ్చి నిలబడుతోంది. నాలుగో వారం చెంబుతో రోడ్డు మధ్యకు వచ్చేసింది. ఏసోబు బ్రేకు తొక్కితే లోపల రోగులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆవిడ పేరు నాంచారమ్మ, శ్రీను తల్లి. బండిలోకి తొంగి చూసి, ఏసోబు ముఖం కాక అతని భుజం వెనకాల ఏదో చూస్తూ, "దిగి కాళ్ళు కడుక్కో నాయనా, అన్నం చల్లారిపోతంది" అంది. ఏసోబు తల తిప్పి తన వెనక చూశాడు. నేను దిగి ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళాను. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది, చెంబులో నీళ్ళు మాత్రం వేణ్ణీళ్ళు. కొడుకు వస్తున్నాడని విని కాచిన నీళ్ళు.

మర్నాడే దొడ్డికి వెళ్ళి నా అబద్ధం ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం, "మీ బండి రేపల్లె దారని నాకు తెలుసండి. ఎనిమిదిమంది ప్రాణాలని నోరు మూసుకున్నాను. తప్పు ఇద్దరిదీనండి" అన్నారు. పాడైన బండ్లను లాక్కురావడానికి ఆయనకు అదే రకం వ్యాను ఒకటి ఉండేది. ఆ సాయంత్రమే దాని గేరుబాక్సు విప్పి మా బండికి బిగించారు. శ్రీనుది కొల్లిపర వాళ్ళకు పంపేశారు. మరి ఈ దొడ్డిలోని మీ ఇల్లు మా దారిలోనే కదా అంటే, ఆయన నవ్వడం ఆరోజే చూశాను. "బతికున్నోడి సామాను ఏ దారినైనా తిరగొచ్చండి. నేనిక్కడే కూర్చుంటాను గదా" అన్నారు.

ఆనాటి నుంచి ఆయన బండి అంగుళం కదల్లేదు. సాయంత్రం నాలుగింటికి ఆ గేటు ముందు మా వ్యాను మూడో గేరులోకి మారి, ఆయన గేరుబాక్సు గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం చేసేది. ఆయన చెయ్యెత్తేవారు. నాంచారమ్మ మాత్రం కొన్నాళ్ళు నిలబడి, ఒకరోజు ఏసోబును ఆపి, "ఆ బండి రావట్లేదేంటి నాయనా?" అని అడిగింది. ఆవిడ కొడుకును రెండోసారి తీసుకుపోయింది నేనే. ఈ మాట రాయకుండా దేవసహాయం గారి గురించి రాసే హక్కు నాకు లేదు.

సమాధి కార్యక్రమం ముగిశాక వ్యానును రేపల్లెలో చర్చి షెడ్డులో పెట్టించాను. తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. ఇప్పుడది చనిపోయినవాడి సామాను, ఆయన ఇంటి దారిన తిరగకూడదు. వేరే గేరుబాక్సు మూడు ఊళ్ళలోనూ లేదు, ఇక రాదు. రోగులు తొమ్మిది రోజులుగా బస్సుల్లో వెళుతున్నారు. మొన్న శుక్రవారం వారిలో ఒకాయన బస్సులోనే సొమ్మసిల్లారు. ఆయన భార్య నాకు ఫోను చేసి ఏమీ అనలేదు, ఏడ్చింది. ఒకసారి అబద్ధమాడి తెచ్చుకున్న అనుమతిని ఈసారి నిజం చెప్పి అడుగుదామని, నిన్న దేవసహాయం గారి భార్య సువార్తమ్మ గారి దగ్గరకు వెళ్ళాను.

ఆవిడ ఆయన కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. నేను విషయం చెప్పి, "ఆ శబ్దం మీరు రోజు విడిచి రోజు వినవలసి వస్తుందమ్మా. కష్టమైతే చెప్పండి" అన్నాను.

"ఇప్పుడు వింటానే ఉన్నాను గదమ్మా" అన్నారు. "నిన్న నాలుగింటికి కూడా పోయింది."

బండి కదిలి తొమ్మిది రోజులైందని, తాళం నా దగ్గరే ఉందని చెప్పాను. సంచిలో నుంచి తీసి చూపించాను కూడా. ఆవిడ తాళంచెవి వైపు చూడలేదు, రోడ్డు వైపు చూశారు.

"తెలుసమ్మా. శబ్దం వస్తది, తలెత్తుతాను, రోడ్డు మీద ఏమీ ఉండదు. గేటు దాకా వచ్చి ఆగుద్ది." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "బండి తిప్పండమ్మా. వినపడ్డప్పుడు తలెత్తితే నాకు బండి కనపడాలి. మీరు చెయ్యూపండి. ఊరికే శబ్దం ఒక్కటే అయితే నేనీ ఇంట్లో ఉండలేను."

దేవసహాయం గారి వంటి మనిషి మళ్ళీ రారు. సామాను ఇచ్చే ముందు, అది ఎవరి గుండె ముందు నుంచి పోతుందో అడిగే వర్తకుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు. సుద్దతో పేర్లు రాసిన ఆ చేతికి, నా అబద్ధాన్ని నాతో సమంగా పంచుకున్న ఆ మనసుకు, తల వంచి నమస్కరిస్తున్నాను. దొడ్డిలో నిలిచిపోయిన ఆయన బండి మీద పేరు రాసేవారు లేరని, నిన్న వచ్చేముందు నేనే సుద్దముక్క అడిగి తీసుకుని రాశాను.

రేపు సోమవారం, వ్యాను బయలుదేరుతుంది. తెనాలి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ గేటు ముందుకు సరిగ్గా నాలుగింటికి చేరాలని, ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదని ఏసోబుకు గట్టిగా చెప్పాను. ఆ శబ్దం మాకంటే ముందు అక్కడికి చేరకూడదు.