వానక్క మట్టి గొట్టాలు

మా ల్యాబులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ వానక్క. తొలి చినుకులు పడ్డప్పుడు నేల నుంచి ఒక వాసన లేస్తుంది చూశారా, అది మట్టిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వాసన. ఆవిడ ఇరవై రెండేళ్లుగా సాకుతున్నది ఆ జాతిదాన్నే. రోజంతా దానితో ఉండేసరికి బట్టలకీ జుట్టుకీ అదే వాసన పట్టేసేది. ఆవిడ బస్సెక్కితే పక్కవాళ్లు గొడుగులు వెతుక్కుంటారని నేను ఏడిపించేవాణ్ణి. నాది అక్కడే స్టోరు ఉద్యోగం. గాజు సామాను, దూది, స్పిరిట్టు, బీరువా తాళాలు నా పెత్తనంలో ఉండేవి. ఆ పెత్తనం గురించి అప్పట్లో నాకు కొంచెం ఎక్కువ అభిప్రాయమే ఉండేది.

ఆ బ్యాక్టీరియా అల్లాటప్పాది కాదు. పక్కన ఇంకో క్రిమిని బతకనివ్వని మందు తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. యాంటీబయోటిక్ అన్నమాట. ఆ తయారీ వెనక ఏ జన్యువులున్నాయో కనిపెట్టడం మా మేడమ్ పని, ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి పని. దాన్ని బతికించి ఉంచడం వానక్క పని. రెండు నెలలకోసారి ప్లేటు మీద చుక్కలు చుక్కలుగా పెరిగిన వాటిలోంచి ఒకదాన్ని తీగ కొసతో తీసి కొత్త గొట్టంలో నాటాలి. అదే తల్లి. అమ్మాయి చేసే ప్రతి ప్రయోగమూ ఆ తల్లి దగ్గరే మొదలవుతుంది.

వానక్కకు శుభ్రం పిచ్చి. నా స్టోరులో పెట్టె వంకరగా ఉంటే దారిన పోతూ సరిచేసి పోయేది. అలాంటి మనిషి ప్లేటు ముందు కూర్చుంటే ఏ చుక్కను తీస్తుంది? నున్నగా, గుండ్రంగా, బాగా పెరిగినదాన్ని తీస్తుంది. ముడతలు పడి, గిడసబారి, గోధుమరంగు నీరు ఊరుతున్న వాటిని చూసి "రోగిష్టి మొహాలు" అనేది. ఆవిడకు పని నేర్పిన పెద్దాయన రిటైరయ్యాక, పదకొండేళ్లు అలాగే ఏరింది. తప్పని చెప్పేవాళ్లు లేరు. మేడమ్‌కైతే ఆవిడ చేతి మీద దేవుడి మీదున్నంత నమ్మకం.

ఆ ఏడాది అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. ఒక జన్యువును తీసేస్తే మందు తయారవడం పూర్తిగా ఆగిపోయిందట. దొరికింది, ఇదే అసలుది అంది. రెండేళ్ల కష్టం. వ్యాసం రాయడం అయిపోయింది, సోమవారం పత్రికకు పంపాలి.

ఆ సోమవారానికి ముందు మంగళవారం పొద్దున వానక్క నవ్వుతూ వచ్చింది. "మా ఆయన ఏమన్నాడో తెలుసా తమ్ముడూ? ఈ మధ్య నీ దగ్గర వాన వాసన రావట్లేదేంటి అన్నాడు." వాళ్లాయన దర్జీ. బట్ట పట్టుకుంటే ఏ బీరువాలోదో చెప్పేస్తాడని పేరు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వుతూనే లోపలికి వెళ్లింది, తల్లి గొట్టం తీసి వాసన చూసిందట. మామూలు గంజి వాసన తప్ప ఏమీ లేదు.

అప్పుడు పరీక్ష పెట్టింది. ఒక ప్లేటు నిండా ఏదో మామూలు క్రిమిని పరిచి, మధ్యలో మన బ్యాక్టీరియా ముక్క పెడతారు. మందు ఊరుతుంటే చుట్టూ క్రిమి చచ్చి అద్దంలాంటి ఖాళీ వలయం కనపడాలి. గురువారం ఆవిడ ఆ ప్లేటు పట్టుకుని స్టోరులోకి వచ్చి తలుపు వేసింది. వలయం లేదు. గోరంత కూడా లేదు.

"ఇది మందు చేయడం మానేసింది తమ్ముడూ. నేనే మాన్పించాను."

నాకు సగమే అర్థమైంది. ఆవిడే విడమరిచి చెప్పింది. మందు తయారు చేయడం దానికి పెద్ద చాకిరీ. ఆ జన్యువుల్ని ఎక్కడో జారవిడుచుకున్నవి ఉంటాయి, వాటికి ఆ చాకిరీ లేదు, ఆ వాసనా లేదు, అందుకే ఏపుగా పెరుగుతాయి. కష్టపడేవి గిడసబారి ఉంటాయి. ఆవిడ ప్రతిసారీ సోమరిపోతుల్ని ముద్దు చేసి, పనిచేసేవాటిని చెత్తలో వేసింది.

"మరి అమ్మాయి కొలతలు?"

"మందు బాగా వస్తోందని కొలిచింది రెండేళ్ల కిందట. జన్యువు తీసింది మొన్నటి తల్లిలోంచి. ఏ జన్యువు తీసినా ఆగినట్టే కనపడుతుంది. అది ముందే మానేసింది కదా." ఇంత చెప్పి దూది మూటల మీద కూలబడింది. నాకు భయం వేసింది. అప్పటిదాకా అది ఆవిడ గురించి భయమే.

కాసేపటికి తల ఎత్తింది. "మట్టి గొట్టాలున్నాయి. పెద్దాయన చేయించాడు. జల్లించిన మట్టిని ఆవిరిలో ఉడికించి, దాని విత్తనాల్లాంటి పొడి అందులో కలిపి, ఆరబెట్టి, దూది మూత మీద మైనం పోశాం. పది గొట్టాలు. ఎన్నేళ్లైనా నిద్రపోతుంది, అలాగే ఉంటుంది అన్నాడు. నీ స్టోరులో కింది బీరువాలో పెట్టాను."

ఆ గొట్టాలు నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట కొత్త పెట్టెలకు చోటు కావాలని ఆ బీరువా ఖాళీ చేశాను. గాజు గొట్టాల్లో మట్టి. ఎవడో తెలివితక్కువవాడు దాచాడనుకున్నాను. మట్టి పారబోయించి, గొట్టాలు కడిగించి, తొమ్మిది మంచి గొట్టాలు మిగిల్చానని ఒకటికి రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను కూడా. పదోదానికి మూతి దగ్గర పగులుంది. కడిగినా దండగని మట్టితో సహా పగిలిన గాజు డబ్బాలో పడేశాను, ఆ డబ్బాను ఇంతవరకూ ఎవరూ ఖాళీ చేయలేదు.

ఆవిడ బీరువా తలుపు తీసి, గొట్టాల చోట నా పెట్టెలు చూసి నిలబడిపోయింది. నేను నేరుగా మూల ఉన్న డబ్బా దగ్గరికి వెళ్లి, అడుగున చెయ్యి పెట్టి, ఆ ఒక్క గొట్టం తీసి ఇచ్చాను. వేలు తెగింది. ఆవిడ గొట్టం వంక చూసింది, నా వంక చూసింది. ఏమీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

మైనం ఇంకా ఊడలేదు. పగుల్లోంచి వేరే క్రిములు దూరాయో లేదో తెలియదు. చిటికెడు మట్టి నీటిలో కలిపి నాలుగు ప్లేట్ల మీద పరిచింది. ఇక మూడు రోజులు ఆగాలి. ఆ మూడు రోజులూ మేడమ్ కంట పడకుండా తిరిగాను. మేడమ్ నవ్వితే భయం, పిలిస్తే భయం. ఆదివారం కూడా ఇద్దరం వచ్చాం. సెలవు రోజు మీకేం పని అని వాచ్‌మన్ అడిగితే ఇద్దరం ఒకేసారి రెండు వేరువేరు అబద్ధాలు చెప్పాం.

అప్పటికి మూడు ప్లేట్లు బూజు పట్టిపోయాయి. నాలుగోదాని మీద పదిహేడు చుక్కలు లేచాయి. ఆవిడ మూత ఓరగా ఎత్తింది. గదంతా వాన వాసన. ఆవిడ గబగబా కళ్లు తుడుచుకుంది. అప్పుడే వాటి చుట్టూ మామూలు క్రిమిని పరిచింది, సోమవారం పొద్దునకల్లా పరీక్ష తేలింది. ముడతల మొహాలు పదకొండింటి చుట్టూ ఇంతింత వలయాలు.

నేను గొంతు తగ్గించి అన్నాను. "అక్కా, చప్పుడు చేయకుండా పాతదాని చోట దీన్ని పెట్టెయ్యి. ఎవరికీ తెలియదు."

"వ్యాసం ఇవాళ వెళ్లిపోతుంది. ఆ పిల్ల అబద్ధం మీద సంతకం పెడుతుంది, అదీ నా చేత్తో చేసిన అబద్ధం." ప్లేటు తీసుకుని లేచింది. మూత టకటక కొట్టుకుంటోంది. "భయంగా ఉంది తమ్ముడూ. ఉద్యోగం ఊడినా ఊడుతుంది. నువ్వు ఇక్కడే ఉండు."

మేడమ్ గది తలుపు సగం తెరిచే ఉంది. నేను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. వానక్క తను చేసింది ఏదీ దాచకుండా చెప్పింది. అమ్మాయి "రెండేళ్లు" అంది, అంతే. కాగితాలు మడిచిన చప్పుడు వినపడింది. "ఇవాళ పంపడం లేదు" అంది మేడమ్. ఆ తర్వాత అడిగింది, "పెద్దాయన పది గొట్టాలు చేయించారు కదా. ఒక్కటే ఉందేమిటి? మిగతావి ఏమయ్యాయి?"

లోపలికి కనపడకుండా గోడకు ఇంకా అతుక్కున్నాను.

"పాతబడ్డాయని నేనే పారేశానమ్మా" అంది వానక్క.

పారిపోదామనే అనిపించింది, నిజం చెబుతున్నాను. స్టోరు పది అడుగుల దూరంలో ఉంది, తాళాలు నా చేతిలో ఉన్నాయి. కాళ్లు మాత్రం కదల్లేదు. కదిలేసరికి గది లోపల ఉన్నాను.

"ఆ తొమ్మిదీ నేను పారబోశాను మేడమ్. అక్కకు తెలియదు."

వానక్క కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది. అది దొరికాక కూర్చుని, అంతసేపటికి మొదటిసారి కోపంగా నా వంక చూసింది.

"నిన్నెవరు అడిగారు తమ్ముడూ" అంది.